శంకరాభరణం పాటలు – ప్లేటు నుండి క్యాసెట్టు వరకు

1980వ సంవత్సరం ఫిబ్రవరి 2వ తేదీన 'శంకరాభరణం' చిత్రం విడుదలైనది. మొదటి రోజులలో థియేటర్లలో జనం పలుచగానే ఉన్నారు. కథానాయకుడు నడివయసు దాటిన సంగీత విద్వాంసుడు. ఆ పాత్ర ధరించిన జె. వి. సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేయుచు నాటకాలాడినవారే కాని, వెండితెరపై పేరుమోసినవారు కారు. చూచినవారు చూడనివారితో చెప్పగా చెప్పగా, కొన్ని వారాలకే టిక్కెట్టు దొరకుట కష్టమైనది. ఇది అందరికీ తెలిసిన కథ. మేము ఇచ్చట చెప్పదలచినది చిత్రం గురించి కాదు. ఆ చిత్రపు పాటలు ఇంటింటికి ఎట్లు చేరినవి, ఆ చేరుటలో ఎవరికేమి దక్కినది అన్న సంగతి.

దీనిని చెన్నపట్నం నుండి కాక కడియం వంటి ఊరి నుండి చూచుట మేలు. కడియం రాజమహేంద్రవరానికి కూతవేటు దూరం. మద్రాసు–హౌరా రైలుమార్గం ఊరి మీదుగా పోవుచున్నది. కడియపులంక పూలతోటలు, మొక్కల నర్సరీలు దేశమంతటా ఎరిగినవే. చిత్రానికి ఈ సీమతో చుట్టరికం కూడా ఉన్నది. నిర్మాత ఏడిద నాగేశ్వరరావుగారిది కొత్తపేట. సంభాషణలు వ్రాసిన జంధ్యాలగారిది నరసాపురం. చిత్రంలో కొంతభాగం రాజమహేంద్రవరం పరిసరాలలోనే తీసినారు. దర్శకులు కె. విశ్వనాథ్‌గారు 2023లో పరమపదించినది సరిగా ఫిబ్రవరి 2వ తేదీననే. రెండు దినాల తరువాత ఆ చిత్రపు గాయని వాణీ జయరాంగారు కూడా కన్నుమూసినారు.

ఇక పాటల అమ్మకం మాట. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేటులో ఒక ముఖాన మూడు నిమిషాల పాటయే పట్టేది. మన దేశంలో 1970 ప్రాంతం వరకు ఆ ప్లేట్లదే రాజ్యం. ప్లేటు కొని ఇంట వినగల గృహస్థులు పల్లెలలో వేళ్లమీద లెక్కింపదగినవారు. కావున పల్లెకు పాటను మోసుకొని వచ్చినవాడు మైకుసెట్టువాడే. పెండ్లికి, శ్రీరామనవమి పందిరికి, అమ్మవారి జాతరకు కొబ్బరిచెట్టుకో సరుగుడు వాసానికో బాకా కట్టి, తెల్లవారుజాము నుండి ప్లేట్లు వేసేవాడు. ప్లేట్లు అరిగేవరకు కొనే ఖాతాదారు వాడు. 1963లో వచ్చిన 'లవకుశ' పాటలు ఊరూరా నిలిచినవంటే, ఘంటసాలవారి సంగీతం ఎంత కారణమో ఈ బాకాలూ అంతే కారణమని మా అభిప్రాయం. తరువాత నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద ప్లేటు వచ్చినది. ఒక ముఖాన ఇరువది నిమిషాలకు పైగా పట్టుటచే ఒక చిత్రపు పాటలన్నీ ఒకే అట్టసంచిలో ఇమిడినవి. అప్పటినుండి జనం విడిపాటను కాక చిత్రాన్నే కొనసాగినారు.

సరిగా ఈ కాలంలోనే అమెరికాలో 1977 నాటి 'సాటర్‌డే నైట్ ఫీవర్' చిత్రపు పాటలు కోట్ల ప్రతులు అమ్ముడైనవి. అవి కుర్రకారు నాట్యమాడు పాటలు. అమ్ముడగుటలో వింత లేదు. మన దగ్గర వింత వేరు. 'శంకరాభరణం' ప్లేటులో ఉన్నవేమి? రామదాసు కీర్తన, సదాశివ బ్రహ్మేంద్రుల కృతి, మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ రాగ కీర్తన, వాటి సరసన వేటూరి సుందరరామమూర్తిగారు కొత్తగా వ్రాసిన పాటలు. స్వరకల్పనలు, రాగాలాపనలు, సంస్కృత సమాసాలు. ఇట్టి సరుకును పంటకాలువ గట్టున టీకొట్టు దగ్గర జనం నిలుచుండి విన్నారు.

దీనికి కారణం వెదకినచో మొదట సంగీత దర్శకులు కె. వి. మహదేవన్‌గారిని చెప్పవలెను. వారి మాతృభాష తెలుగు కాదు. అయినను ముందు బాణీ కట్టి దానిలో మాటలు ఇరికించుట వారికి సమ్మతం కాదు; కవి పాట వ్రాసి ఇచ్చిన పిమ్మట, ఆ మాటల నడకను బట్టి స్వరం కట్టేవారు. అందుచే తెలుగు పలుకు ఎక్కడా విరగలేదు. రెండవది, పాడిన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యంగారు శాస్త్రీయ శిక్షణ పొందినవారు కారు. మహదేవన్‌గారి సహాయకులు పుహళేందిగారు పలుమార్లు పాడి నేర్పగా, శ్రమించి పాడినారు. కచేరీ విద్వాంసుడు పాడియుంటే గమకాలు ఇంకను దట్టంగా ఉండేవేమో! కాని సామాన్యుడు వెంట కూనిరాగం తీయుటకు వీలు చిక్కేది కాదు. ఆ సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ సంగీత దర్శకత్వం మహదేవన్‌గారికి, ఉత్తమ నేపథ్యగానం బాలసుబ్రహ్మణ్యంగారికి, వాణీ జయరాంగారికి లభించినవి.

రేడియో శ్రోతలకు ఇచ్చట ఒక పాత సంగతి జ్ఞాపకం రాక మానదు. 1952లో కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రియైన బి. వి. కేస్కర్‌గారు, జనుల అభిరుచి శాస్త్రీయ సంగీతం వైపు మరలవలెనని తలచి, ఆకాశవాణిలో సినిమా పాటలను తగ్గించివేసినారు. జనం శాస్త్రీయ సంగీతం వైపు మరలలేదు. రేడియో ముల్లును సిలోను వైపు మరలించినారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టుటకు అదియే ముఖ్య కారణం. మంత్రిగారు కోరిన ఫలితం ఇరువది ఎనిమిదేండ్లకు, వారు వెలివేసిన సినిమా పాట ద్వారానే కొంత సిద్ధించినది. పిల్లలను సంగీతం మేష్టారి వద్దకు పంపు తల్లిదండ్రులు ఆ రోజులలో పెరిగినారని అందరూ చెప్పుకొన్నారు.

కాని 1980 నాటికి ప్లేటుకు పోటీ వచ్చినది. ఫిలిప్స్ సంస్థ 1963లో వెలువరించిన చిన్న క్యాసెట్టు, 1970ల చివరకు మన పల్లెలను చేరినది. కోనసీమ నుండి, పశ్చిమ గోదావరి నుండి గల్ఫు దేశాలకు కూలికి పోయినవారు తిరిగివచ్చునప్పుడు రేడియో, టేపురికార్డరు ఒకే పెట్టెలో ఉన్న 'టూ ఇన్ వన్'ను తెచ్చేవారు. ఆ పెట్టె ఇంట ఉండుట ఒక హోదా. వెంటనే బజారులో రికార్డింగు షాపులు వెలసినవి. అరువది నిమిషాలదో తొంబది నిమిషాలదో ఖాళీ క్యాసెట్టు, కాగితంపై పాటల జాబితా ఇచ్చిన చాలు. మరునాటికి పాటలెక్కించి ఇచ్చేవారు. షాపులో ఒకే ఒక ప్లేటు. దానినుండి ఎన్ని క్యాసెట్లు పుట్టినవో ఏ కంపెనీ చిట్టాలోను చేరలేదు. కడియం నుండి సైకిలుపై పోయి ఎక్కించుకొని వచ్చిన పాటకు కవికి గాని, గాయకునికి గాని కాసు ముట్టలేదు. ఆ మాటకు వచ్చినచో, అసలు ప్లేటు కొన్నను ముట్టేది కాదు.

ఏలనన, 1957 నాటి గ్రంథస్వామ్య చట్టాన్ని అనుసరించి 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, నిర్మాత సొమ్మిచ్చి కట్టించుకొన్న పాటకు, వేరు ఒప్పందం లేనిచో, నిర్మాతయే యజమాని. కవికి, సంగీత దర్శకునికి ఒక్కసారి ఇచ్చు ప్రతిఫలంతో సరి. గాయకునికి ఆ చట్టంలో హక్కే లేదు. తీర్పు చెప్పినవారిలో ఒకరైన జస్టిస్ కృష్ణయ్యరుగారు ఈ లోపాన్ని గుర్తించి, గాయకుని గొంతుకు చట్టం విలువ కట్టకపోవుట సరికాదని విడిగా వ్రాసినారు. దొంగ క్యాసెట్లను అరికట్టుటకు 1984లో శిక్షలు పెంచినారు. గాయకునికి హక్కు 1994 సవరణతో కలిగినది. కవికి, సంగీత దర్శకునికి రాయల్టీలో విడువరాని వాటాను 2012 సవరణ ఇచ్చినది. మహదేవన్‌గారు 2001లోను, వేటూరివారు 2010లోను గతించినారు.