నల్లి: కొంత చరిత్ర, కొంత స్వానుభవము

సంచికకు వ్యాసము వ్రాయుమనగానే మనవారు కాకతీయుల శాసనములను గూర్చియో, అన్నమయ్య పదములను గూర్చియో, మన బీదరు కోటను గూర్చియో వ్రాయుదురు. అవి వ్రాయదగినవే, వ్రాయగల పెద్దలును మన సంఘమున కలరు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, గుమాస్తాగిరిలో దస్త్రముల నడుమ దినములు పుచ్చినవారము. కావున మా శక్తికి తగిన చిన్న ప్రాణిని ఎన్నుకొంటిమి. చదువరులు ముక్కు విరువక కొంచెము ఓపిక పట్టవలెనని మనవి.

ఈ విషయము మాకు తోచుటకు కారణము లేకపోలేదు. ఇటీవల కొల్హారులో అద్దెకు దిగిన ఒక తెలుగు కుటుంబమువారి ఇంట నల్లులు కనబడినవని వాడలో గుసగుసలు పుట్టినవి. తరువాత వారిని పేరంటములకు పిలుచుట తగ్గినది. పిల్లలను ఆ యింటికి పోవలదని తల్లులు వారించిరి. అది వినినపుడు మా ఇంట ముప్పది యేండ్ల క్రిందట జరిగిన సంగతి యొకటి గుండెలో కలుక్కుమన్నది. ఆ సంగతి తరువాత చెప్పెదము.

మన బీదరులో ఏ వస్తువునకైనను నాలుగు పేర్లుండుట వాడుక. దీనిని మనము నల్లి యందుము. కన్నడిగులు తిగణె యందురు. మరాఠీవారు ఢేకూణ్ అందురు. ఉర్దూ మాటలాడువారు ఖట్మల్ అందురు. సంస్కృతమున మత్కుణము. నాలుగు భాషల వారిని భేదము లేక కుట్టు ప్రాణి గనుక నాలుగు పేర్లను సంపాదించుకొన్నది. చాటున హాని చేయువానిని నల్లికుట్లవాడనుట మన పలుకుబడి.

మన కవులును దీనిని విడువలేదు. శివుడు కొండపై పరుండుట, విష్ణువు పాలసముద్రమున పాముపై పవళించుట నల్లుల బాధ తాళలేకయే యని చమత్కరించు చాటువులు సంస్కృతమునను తెలుగునను కలవు. పంచతంత్రమున రాజుగారి పాన్పులో కాపురమున్న పేనునొద్దకు అతిథిగా వచ్చిన నల్లి కథ యున్నది. తొందరపడి రాజును కుట్టి నల్లి తప్పించుకొనగా, రాజభటులకు చిక్కి చచ్చినది పేను. సుమతీ శతకకారుడు నల్లి కుట్టినందుకు మంచమునకు దెబ్బలు తగులునని చెప్పెను. చిన్ననాడు బడిలో ఆ పద్యము వల్లించితిమే గాని దాని అర్థము మాకు తెలిసినది చాల ఏండ్లకు.

ఇక చరిత్ర. ఈ జాతి మొదట గబ్బిలముల రక్తము త్రాగి బ్రతికెననియు, మనుష్యుడు గుహలలో తలదాచుకొన్ననాడు అతనిని మరగెననియు శాస్త్రజ్ఞులు తలంతురు. మన నరసింహ ఝరణిలో నీటిలో నడచి స్వామిని చేరునపుడు తలపైన వ్రేలాడు గబ్బిలములను చూచిన మనకు ఈ మాట ఊహించుట కష్టము కాదు. ఐగుప్తు దేశమున అమర్నా యను చోట, సుమారు 3,300 ఏండ్లనాటి పనివారి ఇండ్లను త్రవ్వగా నల్లుల అవశేషములు దొరకినవి. గ్రీకు నాటకకర్త అరిస్టోఫెనీసు క్రీస్తునకు పూర్వము 423 లో ఆడించిన ‘మేఘములు’ అను నాటకమున నల్లులు కుట్టి ఏడిపించు ఘట్టమున్నది. 1758 లో లిన్నేయసు పండితుడు దీనికి శాస్త్రనామము పెట్టెను. అది చలిదేశముల నల్లి. మన ఉష్ణదేశముల నల్లి దానికి చెల్లెలివంటి వేఱొక జాతి; దానికి 1803 లో ఫాబ్రీషియసు పేరు పెట్టెను.

1730 లో లండనులో జాన్ సదాల్ అను నతడు నల్లులను గూర్చియే ఒక చిన్న పుస్తకము అచ్చువేసెను. నల్లులను చంపుటయే అతని వృత్తి. జమైకా ద్వీపమున ఒక నల్లజాతి వృద్ధుడు తనకు మందు తయారుచేయు విధము నేర్పెనని అతడు వ్రాసెను. మందు సంగతి ఎట్లున్నను, అతడు గమనించిన ఒక విషయము మాత్రము ముఖ్యమైనది. ఓడలు వచ్చు రేవుపట్టణములలో నల్లి లేని ఊరు లేదట; లోనాటి ఊళ్ళలో చాలవరకు దాని పేరే ఎరుగరట. అనగా నల్లి మురికినుండి పుట్టునది కాదు, రాకపోకలతో వచ్చునది. ఇది తెలిసి మూడువందల యేండ్లు కావచ్చినను మన వాడలో ఇంకను తెలియలేదు.

దానికి రెక్కలు లేవు, ఎగురలేదు; దుమికి పోవుటకు గంతులు లేవు. పెట్టె సందున, పరుపు కుట్టున, మడత దుప్పటిలో కూర్చుండి మన మోతకూలితోనే ప్రయాణము చేయును. బీదరు మొదటినుండి బాటసారుల ఊరు. బహమనీ సుల్తానులు గుల్బర్గానుండి రాజధానిని ఇచటికి మార్చిన పిదప దేశదేశముల వర్తకులు వచ్చిరి. 1470 ప్రాంతమున వచ్చిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్, ఈ దేశమున పరదేశి వర్తకులు సత్రములలో దిగుదురనియు, అచటి స్త్రీలే వండిపెట్టి పడకలు పరచుదురనియు వ్రాసెను. ఒకడు లేచిన పడకపై మరియొకడు పరుండుట ఆనాటినుండియు కలదన్నమాట. తరువాత వికారాబాదునుండి నిజాము రైలు వచ్చినది. 1956 లో రాష్ట్రముల పునర్విభజన జరిగి జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు పోగా బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది. గీత మారినది గాని చుట్టరికములు మారలేదు. పెండ్లికి జహీరాబాదు, పురుటికి సంగారెడ్డి, ఆసుపత్రికి హైదరాబాదు అని మనవారు పెట్టెలు పట్టుకొని తిరుగుచునే యుండిరి. మనతో అదియు తిరిగినది.

మా బాల్యమున ఇంటింట నులక మంచములు, కలిగినవారింట నవారు మంచములు ఉండెడివి. బీదరు ఎఱ్ఱరాతి గోడలకు సహజముగనే రంధ్రములుండును. గిలాబు రాలినచో అవి నల్లులకు కోటలే. వేసవి రాగానే మా అమ్మ మంచములన్నిటిని వాకిట వేయించెడిది. కాగు నిండ నీరు సలసల క్రాగబెట్టి మంచపు కోళ్ళు పట్టెలు కలియు సందులలో చెంబుతో పోసెడిది. మేము పిల్లలము కఱ్ఱలతో మంచమును కొట్టెడివారము. పిదప మంచమును దినమంతయు మిట్టయెండలో ఉంచి, సాయంకాలము కోళ్ళ క్రింద నీటి పళ్ళెములు పెట్టి లోపల వేసెడివారము. వేపాకు, వస కొమ్ము పరుపుల క్రింద ఉంచుటయు కలదు. వానివలన ఎంత ఫలమో చెప్పజాలము గాని వాసన బాగుండెడిది. క్రాగిన నీటి సంగతి మాత్రము నేటి శాస్త్రము అంగీకరించినది. 48 డిగ్రీల వేడిమిలో పెద్ద నల్లులు చచ్చును. గ్రుడ్లు మొండివి, అంతే వేడిమిలో గంటకు పైగా ఉన్నగాని చావవు. 55 డిగ్రీలైనచో త్వరగా నశించును. మా అమ్మకు డిగ్రీలు తెలియవు. వారమునకు మరల ఒకసారి నీరు పోయవలెనని తెలియును. గ్రుడ్లు పగులుటకు వారము పది దినములు పట్టునని మేము చదివినప్పుడు ఆమె లెక్క అర్థమైనది.

బాల్కను దేశములవారు రాత్రి నేలపై చిక్కుడుజాతి ఆకులు పరచి, ఉదయమున వానికి చిక్కిన నల్లులతో సహా కాల్చివేసెడివారట. ఆ ఆకుల మీది కొక్కెములవంటి నూగు నల్లి కాళ్ళను గ్రుచ్చి పట్టునని 2013 లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇట్టి పెద్దల తెలివి ప్రతి దేశమునను కలదు.

నల్లిపై ఒక పెద్ద నిందయు పడినది. 1903 లో లండనున లీష్మను, మద్రాసున డోనవను కాలాజారు జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనినట్లు ప్రకటించిరి. దానిని ఒకరినుండి ఒకరికి చేర్చునది నల్లియే యని 1907 లో మద్రాసున పాటను అను వైద్యుడు ప్రయోగములు చేసి నమ్మెను. చాల ఏండ్లు పండితులు ఆ నమ్మకముతోనే యుండిరి. తుదకు 1942 లో స్వామినాథ్, షార్టు, ఆండర్సను అనువారు అస్సామునుండి దానిని మోయునది ఇసుక యీగ యని ఋజువు చేసిరి. నేటికిని నల్లివలన మనుష్యులకు రోగము అంటుకొనునని నిర్ధారణ కాలేదు. దద్దురులు, దురద, నిద్రలేమి, మనోవ్యాకులత ఇవియే దాని బాధలు. చేయని నేరమునకు ముప్పదియైదేండ్లు నింద మోయుట నల్లికే చెల్లినది. ఇంకొకరికిని చెల్లినది, ఆ కథకే వచ్చుచున్నాము.

అంతకు ముందు డి.డి.టి. ముచ్చట. 1939 లో స్విట్జర్లాండున పౌల్ ముల్లర్ దాని గుణము కనిపెట్టి 1948 లో నోబెల్ బహుమానము పొందెను. మన దేశమున 1953 లో మలేరియా నిరోధక కార్యక్రమము ఆరంభమై, డబ్బాలు భుజమున వేసికొన్నవారు ఇంటింట గోడలకు ఆ మందు చల్లిరి. మొదట దోమలతోపాటు నల్లులును చచ్చినవి. జనులు సంతసించిరి. కాని 1940ల తుదిలోనే హవాయి ద్వీపమునందలి నౌకాసైనికుల వసతులలో ఈ మందునకు చావని నల్లులు కనబడినవి. మన దేశమునను కొలది యేండ్లలో అదే గతి. మందు చల్లిన పిదప నల్లులు మిక్కుటమైనవని కొన్ని యూళ్ళలో జనులు మందువారిని ఇంటిలోనికి రానీయరైరి. తరువాత వచ్చిన మందులకును అవి అలవాటుపడినవి. 1990ల తరువాత ఐరోపా, అమెరికా నగరములలో నల్లి మరల విజృంభించినది. 2023 లో పారిసు నగరమంతయు దీని మాటయే. గొప్ప హోటళ్ళలో దిగువారును కుట్టించుకొనిరి.

మా సంగతి. 1990ల దశకమున కొల్హారు కర్మాగారములలో పనికై తెలుగునాటి యువకులు వచ్చుచుండిరి. మా ఇంటి ముందరి గదిని నల్లగొండ వైపునుండి వచ్చిన యొక పిల్లవానికి అద్దెకిచ్చితిమి. రాత్రి పాళీ చేసి వచ్చి పగలు నిద్రించెడివాడు. మా అమ్మను పెద్దమ్మా యని పిలిచి బావినుండి నీరు తోడియిచ్చెడివాడు. అతడు వచ్చిన మూడవ నెలలో మా పిల్లలకు మెడపై దద్దురులు లేచినవి. పరుపు తిరుగవేయగా కుట్టు వెంబడి నల్లని చుక్కలు. ఇన్నాళ్ళు లేని నల్లి ఇప్పుడెట్లు వచ్చినది? పరాయివాని చాప, పరాయివాని పెట్టె తప్ప వేఱు కారణము మాకు తోచలేదు. మా అమ్మ వాకిట నిలబడి పదిమంది వినునట్లు అతనిని నాలుగు మాటలన్నది. మేము అచటనే యుండియు వారింపలేదు. అతడు ఎదురు చెప్పలేదు. సాయంకాలము పెట్టె, చాప తీసికొని, నెలకు మిగిలిన అద్దె గూటిలో పెట్టి పోయెను.

అతడు పోయిన పిదపను నల్లులు తగ్గలేదు. అతని గదిలో వెదకితిమి, ఒక్కటియు లేదు. తుదకు దొరకినది మా పడకగది అటకమీద. అంతకు నాలుగు నెలల ముందు కార్యాలయపు పనిపై ఒక నగరమునకు పోయి, చవకైన వసతిగృహమున మేము మూడు రాత్రులుంటిమి. అప్పుడు తీసికొనిపోయిన హోల్డాలు చుట్ట విప్పగా, దాని తోలు పట్టీ మడతలో గ్రుడ్లు, పొలుసులు, పిల్లలు, పెద్దలు. తెచ్చినవారము మేమే. ఆ పిల్లవానిని వెదకి కర్మాగారముల గేట్ల వద్ద విచారించితిమి. పని మాని హైదరాబాదు పోయినాడనిరి. మా అమ్మ తుదిదినములలో రెండుమూడు సార్లు, ఆ పిల్లవాడు మరల వచ్చినాడా యని అడిగినది.

ఇప్పుడు ప్రయాణము చేయువారికి మా అనుభవమునుండి కొన్ని మాటలు. దిగిన గదిలో మొదట దీపము వేసి పరుపు మూలలు, కుట్లు, తలవైపు చెక్క వెనుక భాగము చూడుడు. నల్లి పెద్దదైనను సుమారు కందిబద్దయంతయే యుండును. దానికన్న దాని నల్లని మరకలే ముందు కనబడును. చూచువరకు సంచిని స్నానపుగదిలో నుంచుట మేలు, మంచముపై పెట్టరాదు. ఇంటికి వచ్చిన వెంటనే బట్టలను పడకగదికి కొనిపోక వేడినీట నానవేయుడు. 60 డిగ్రీల నీరు చాలును. సంచిని మిట్టయెండలో వేడి బండపై ఉంచి మడతలు దులుపుడు. పాత మంచము, పాత సోఫా చవకగా వచ్చినదని కొనునపుడు సందులు చూడక ఇంట పెట్టకుడు. నల్లి పూటపూట తినవలసిన పని లేదు, నెలల తరబడి ఉపవాసముండగలదు. కావున నెల దినములు ఇల్లు తాళము వేసిన మాత్రాన పోదు. అది మన వేడిమిని, మనము విడుచు బొగ్గుపులుసు గాలిని పసికట్టి వచ్చును గనుక గది మార్చి పరుండినను వెంట వచ్చును. ఓపికగా వారమున కొకసారి చొప్పున వేడినీరు, ఎండ, సందులు పూడ్చుట, ఇవియే మందులు. ఇల్లంతయు పట్టినచో తెలిసిన పనివారిని పిలువవలెను.

ఒక్కటి మాత్రము గట్టిగా చెప్పవలెను. ధాన్యపు గిడ్డంగులకని అమ్ము ఫాస్ఫైడు బిళ్ళలను కొందరు నల్లులకని పడకగదిలో పెట్టుచున్నారు. గాలి తేమ తగిలినంతనే వానినుండి విషవాయువు పుట్టును. దానివలన నిద్రలోనే ప్రాణములు పోయిన కుటుంబములు మన దేశమున కలవు. ప్రక్క యింటివారును చనిపోయిరి. కిరసనాయిలు చల్లి నిప్పంటించుకొన్నవారును లేకపోలేదు. నల్లి మనిషిని చంపదు. సిగ్గుచేత రహస్యముగా తెచ్చిన మందు చంపును. ఇరుగుపొరుగునకు చెప్పుకొనగలిగిన ఇంట ఇట్టి పనులు జరుగవు.

కొల్హారు కుటుంబమువారి ఇంటికి మొన్న మేమును మా ఇంటిది కలిసి వెళ్ళితిమి. ఆ యిల్లాలు తడబడి వాకిటిలోనే కుర్చీలు వేయబోయినది. మేము లోపలికి పోయి మంచము మీదనే కూర్చుండి కాఫీ త్రాగితిమి. ఆమెకు కాగు పెద్దది లేదట. మా అమ్మ వాడిన కాగు మా ఇంట ఊరకనే యున్నది, ఆదివారము పంపితిమి.