బూడిదబజారు బెంజికారు

నల్లబజారు అన్నమాట మనకు కొత్తది కాదు. చక్కెర, సిమెంటు, కిరోసిను, విడుదలనాటి సినిమా టిక్కెట్టు ఆ బజారులో దొరుకుతాయని చిన్ననాటి నుండీ ఎరిగినవారమే. బూడిదబజారు అన్నమాటను మాత్రం నేను అమెరికాకు వచ్చిన చాలా ఏళ్ళకు గాని వినలేదు. ఆంగ్లంలో గ్రే మార్కెట్ అంటారు. నల్లబజారు సరుకు చాటుమాటు సరుకు. బూడిదబజారు సరుకు అలాంటిది కాదు. అది అసలు కర్మాగారంలో తయారైనదే, న్యాయంగా డబ్బిచ్చి కొన్నదే, రేవులో సుంకం కట్టి దింపినదే. కాకపోతే తయారీదారు ఏ దేశంలో అమ్మదలచి చేశాడో ఆ దేశంలో ఉండక, మరొక దేశానికి తనంత తాను చేరినది. అందుచేత అది పూర్తిగా తెలుపూ కాదు, పూర్తిగా నలుపూ కాదు.

నాకీ మాటను పరిచయం చేసినవారు మా ఊళ్ళో అందరూ డాక్టరుగారని పిలిచే ఒక పెద్దాయన. గుంటూరులో వైద్యం చదివి, 1970లలో ఈ దేశానికి వచ్చి స్థిరపడిన తరం వారిది. వారి ఇంట ఒక ముదురునీలం మెర్సిడెస్ బెంజి 500ఎస్ఈఎల్ ఉండేది. దాని వేగసూచిలో మైళ్ళు ఒక పలుచని చీటీ మీద అతికించి ఉండగా, ఆ చీటీ అంచున కిలోమీటర్ల అంకెలు తొంగిచూస్తుండేవి. అదేమని అడిగితే ఆయన నవ్వి, కారు సొరుగులో నుండి లావుపాటి కాగితాల కట్ట తీసి నా చేతిలో పెట్టారు. "ఇది దీని పౌరసత్వపు ఫైలు నాయనా, నాదానికన్నా లావు" అన్నారు. ఆ ఫైలు చదివిన ఆసక్తితో ఆ పిమ్మట నేను తెలుసుకొన్న చరిత్రే ఈ టపా.

ముందు చట్టం సంగతి. అమెరికా కాంగ్రెసు 1966లో వాహనభద్రతా చట్టం చేసింది. 1968 జనవరి 1 నుండి తయారయ్యే ప్రతి కారూ సమాఖ్య భద్రతాప్రమాణాలకు లోబడవలసి వచ్చింది. 1970 నాటి వాయుశుద్ధి చట్టంతో పొగగొట్టం మీద కూడ ఆంక్షలు వచ్చాయి. ఐరోపా దేశాలలో కొత్త నమూనాను ప్రభుత్వపక్షాన పరీక్షించి ఆమోదముద్ర వేస్తారు. అమెరికాలో భద్రత విషయంలో అలా కాదు. తన కారు ప్రమాణాలకు సరిపోయినదని తయారీదారే స్వయంగా హామీ ఇచ్చి, డ్రైవరు తలుపు దగ్గర ఒక చీటీ అంటిస్తాడు. ఐరోపాలో అమ్మదలచిన కారుకు ఆ చీటీ ఉండదు. కారు ఎంత గొప్పదైనా కానివ్వండి, చీటీ లేనినాడు ఈ దేశపు రోడ్డుకు అది అన్యమే.

పోనీ, రెండు దేశాల కార్లకూ అంత భేదముందా? ఉంది. అమెరికా కారు తలుపుల లోపల, ప్రక్కనుండి గుద్దుకొన్నప్పుడు ఆపడానికి ఒక ఉక్కుకమ్మి ఉండాలి. ఈ నియమం 1973 జనవరి నుండి అమలులోకి వచ్చింది. బంపర్లు మరింత దృఢంగా ఉండాలి. ముందుదీపాలు గాజుబుడ్డీలా మొత్తం మూసివేసిన సీల్డ్ బీమ్ రకానివి కావాలి. 1940 నుండి సాగుతూ వచ్చిన ఈ పట్టింపు 1983లో గాని సడలలేదు. కారు ప్రక్కల చిన్న దీపాలు, బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట, మైళ్ళలో వేగసూచి, సీసం లేని పెట్రోలుకు మాత్రమే సరిపోయే సన్నని మూతి, పొగగొట్టానికి కెటలిటిక్ కన్వర్టర్ – ఇలా జాబితా పొడుగైనది. అయితే ఇందులో ఒక చమత్కారమున్నది. అదే బెంజి కంపెనీ చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ బ్రేకులను 1978లోనే జర్మనీలో అమ్మడం మొదలుపెట్టింది. గాలిసంచిని కూడ 1980 చివర ముందుగా అక్కడి కొనుగోలుదారులకే అందించింది. అంటే ఐరోపా కారు కొన్ని విషయాలలో వెనుకబడి, కొన్నింటిలో ముందున్నది. జాబితాకు మాత్రం తాను అడిగినవే కావాలి.

ఇక జనం ఎందుకు ఎగబడ్డారంటే, కారణాలు రెండు. మొదటిది, కావలసిన కారు ఇక్కడ దొరకకపోవడం. 1980 దశకపు ఆరంభంలో ఇంధనపు పొదుపు నిబంధనల ఒత్తిడి వలన బెంజి కంపెనీ తన పెద్ద కారును అమెరికాకు చిన్న 380 ఇంజనుతోనే పంపింది. బలమైన 500ఎస్ఈఎల్ అధికారికంగా వచ్చినది 1984 మోడలుతోనే. రెండవది, అసలైనది, డాలరు. 1980లో ఒక డాలరుకు రెండు జర్మన్ మార్కులు కూడ రాలేదు. 1985 ఫిబ్రవరి నాటికి మూడు మార్కులన్నర దాకా వచ్చేవి. 60,000 మార్కుల కారు మొదటి లెక్కన 33,000 డాలర్ల పైమాట, రెండవ లెక్కన 18,000 లోపు. అమెరికాలోని డీలర్లు మాత్రం తమ ధరలను ఆ మేరకు తగ్గించలేదు. ఓడ కిరాయి, మూడుశాతమైనా లేని సుంకం, మార్పులకయ్యే కొన్ని వేల డాలర్లు అన్నీ కలిపినా ఇంకా లాభమే మిగిలేది. 1985 ఒక్క సంవత్సరంలో ఇలా సుమారు 66,000 కార్లు దిగాయి.

డాక్టరుగారి కారు వాటిలో ఒకటి. 1983లో తయారై, జర్మనీలో రెండేళ్ళు తిరిగినది. ఫైలులో ఓడ రసీదు ఉంది. నిర్ణీత గడువులో కారును ప్రమాణాలకు తెచ్చుకొంటానని, తేలేకపోతే తిరిగి పంపడమో ధ్వంసం చేయడమో జరుగుతుందని ఒప్పుకొని ఇచ్చిన పూచీకత్తు ఉంది. పొగపరీక్ష నివేదిక ఉంది. మార్పులు చేసిన ఒక షెడ్డు వారి బిల్లు ఉంది. అందులో పద్దులవారీగా "నాలుగు తలుపులకు ఉక్కుకమ్ములు" అని వ్రాసి, ఋజువుగా విప్పిన తలుపుల ఛాయాచిత్రాలు జతచేశారు. చివరిపుటలో పూచీకత్తు విడుదల చేస్తూ ప్రభుత్వం వ్రాసిన లేఖ. ఆ లేఖ అందినరోజు ఇంట్లో పాయసం వండారట.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆనాటి అధికారులు వేలాది కార్లను ఒక్కొక్కటిగా విప్పి చూసే పద్ధతి లేదు. వారి ముందుకు వచ్చేవి కాగితాలు, ఛాయాచిత్రాలు. చాలామంది నిజాయితీగా పనిచేశారు. మరికొందరికి ఛాయాచిత్రం తీయడం వెల్డింగు చేయడంకన్నా సులభమని త్వరలోనే బోధపడింది. కాంగ్రెసుకు లెక్కలు చూసిపెట్టే జనరల్ అకౌంటింగ్ ఆఫీసు 1986 డిసెంబరులో ఇచ్చిన నివేదిక, ఈ బూడిదబజారు కార్లు ప్రమాణాలకు సరిపోతున్నాయన్న భరోసా లేదని తేల్చింది.

అప్పటికే మరొక పక్షం కూడ రంగంలో ఉన్నది. అమెరికాలోని బెంజి సంస్థకు, దాని డీలర్లకు ఈ బజారు వలన వ్యాపారం దెబ్బతింటున్నది. వారు కాంగ్రెసులో గట్టిగా ప్రయత్నం చేశారు. వారికెదురుగా దిగుమతిదారులు కూడ ఒక సంఘం కట్టారు. చివరకు 1988 అక్టోబరు 31న రీగన్ సంతకంతో దిగుమతి వాహనాల భద్రతా చట్టం వచ్చింది, 1990 జనవరి 31 నుండి అమలైనది. దాని ప్రకారం సామాన్యుడు తనంత తాను కారు తెచ్చి మార్పించుకొనే దారి మూసుకుపోయింది. ప్రభుత్వం వద్ద నమోదైన దిగుమతిదారు ద్వారానే తేవాలి. కారు విలువకు ఒకటిన్నర రెట్లు పూచీ కట్టాలి. 120 రోజులలో మార్పులు పూర్తిచేయాలి. అన్నిటికన్న ముఖ్యంగా, ఆ కారు అమెరికాలో అమ్మిన ఏదో ఒక నమూనాను బాగా పోలి ఉండాలి. పోలిక లేనిదైతే, గుద్దుడు పరీక్షల వంటి ఆధారాలతో దానిని ప్రమాణాలకు తేవచ్చునని నిరూపించాలి. ఒక్క కారు తెచ్చుకొనేందుకు కొన్ని కార్లను గోడకు కొట్టగల స్తోమతు ఎందరికుంటుంది? ఏటా అరవై వేలు దాటిన బజారు 1995 నాటికి మూడు వందలకు పడిపోయింది.

చట్టం ఒక్కటే దీనికి కారణమనడం మాత్రం సరికాదు. 1985 సెప్టెంబరులో న్యూయార్కు ప్లాజా హోటలులో అయిదు దేశాల ఆర్థికమంత్రులు డాలరు విలువను దింపడానికి ఒప్పందం చేసుకొన్నారు. 1987 ముగిసేసరికి డాలరుకు మార్కులు 1.6 మాత్రమే. అప్పటికే ఆ బజారుకు సగం ప్రాణం పోయింది. చట్టం వచ్చి మిగిలిన సగం తీసింది.

ఆ చట్టంలోనే ఒక కిటికీ ఉంచారు. 25 ఏళ్ళు నిండిన కారుకు భద్రతాప్రమాణాలు వర్తించవు. పొగ విషయంలో సమాఖ్య నియమం 21 ఏళ్ళు. ఈ కిటికీ గుండానే తర్వాతి తరం తన కలల కార్లను తెచ్చుకొన్నది. 1989లో జపానులో విడుదలైన నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్ 2014 నుండి, 1999 నాటి దాని తర్వాతి రూపం 2024 నుండి ఇక్కడి రేవులలో చట్టబద్ధంగా దిగసాగాయి. అంతవరకు ఆగలేనివారి సంగతి వేరు. బిల్ గేట్స్ తెప్పించుకొన్న పోర్ష 959 పదేళ్ళకు పైగా కస్టమ్స్ వారి వద్ద ఉండిపోయింది. 1998లో చట్టాన్ని సవరించి, చారిత్రక, సాంకేతిక ప్రాముఖ్యం గల అరుదైన కార్లను ఏటా 2,500 మైళ్ళకు మించకుండా నడుపుకోవచ్చునన్నారు.

పొరుగున కెనడాలో ఆ వయోపరిమితి 15 ఏళ్ళే. కాబట్టి పదహారేళ్ళ జపాను కారు వాంకూవరులో నిక్షేపంగా తిరుగుతుంది. గంటసేపు దక్షిణానికి నడిపి సరిహద్దు దాటి ఇక్కడే ఉంచేయాలంటే అది నేరం. దారిలో దాని మర ఒక్కటీ మారలేదు. పోనీ 25 నిండినా కథ ముగియదు. దిగుమతికి అనుమతి సమాఖ్యది, నంబరు పలక రాష్ట్రానిది. కాలిఫోర్నియాలో 1975 తర్వాతి విదేశీకారుకు పొగపరీక్ష తప్పదు. జపాను బుల్లిట్రక్కులను, పాతికేళ్ళు దాటినవాటిని సైతం, 2021 ప్రాంతం నుండి కొన్ని రాష్ట్రాలు రోడ్డెక్కనివ్వలేదు.

ఇదంతా చదువుతున్న రోజుల్లో నా అభిప్రాయం స్పష్టంగా ఉండేది. భద్రత పేరు చెప్పి డీలర్లు తమ ధరలను కాపాడుకొన్నారు, అంతే అనుకొన్నాను. డాక్టరుగారితో అన్నాను కూడ. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

2009 శీతకాలంలో మంచు మీద జారిన మరొక కారు ఆయన బెంజి వెనుకతలుపును మెల్లగా తాకింది. సొట్ట తీయడానికి మెకానిక్కు తలుపు లోపలి అట్ట విప్పాడు. నేను ప్రక్కనే ఉన్నాను. లోపల కమ్మి లేదు. అనుమానంతో మిగిలిన మూడూ విప్పించారు. ఏ తలుపులోనూ లేదు. ఫైలులోని ఛాయాచిత్రాలు తెచ్చి పోల్చి చూశాము. అందులో లోహపు రంగు లేతబూడిద. ఈ కారుది నీలం. పాతికేళ్ళుగా సొరుగులో ఉన్న ఆ బొమ్మలను అంత పరీక్షగా ఎవ్వరూ చూడలేదు, ప్రభుత్వంతో సహా.

డాక్టరుగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లలిద్దరినీ ఈ వెనుకసీటులోనే బడికి దింపేవాణ్ణి" అన్నారు.

2008తోనే ఆ కారుకు 25 నిండాయి. కమ్మి ఉన్నా లేకున్నా ఇక చట్టానికి పట్టదు. ఆ మాట నేను పైకే అన్నాను. ఆయన విననట్టే మెకానిక్కు వైపు తిరిగి, అమెరికా కోసం చేసిన ఇదే కారు తలుపులు పాతసామాను యార్డులలో దొరుకుతాయా అని అడిగారు. మూడువారాలకు నాలుగూ దొరికాయి, రెండు తెల్లవి, రెండు గోధుమరంగువి. రంగు వేయించి బిగించాక ఒక్కొక్క తలుపూ మునుపటికన్న బరువుగా మూసుకొనేది.

డీలర్ల స్వార్థం గురించి నా అభిప్రాయాన్ని నేను ఇప్పటికీ పూర్తిగా మార్చుకోలేదు. కాని ఆ చట్టాన్ని కోరినవారిలో అటువంటి తలుపు విప్పి చూసినవారు కూడ ఉండి ఉంటారని ఇప్పుడు తెలుసు. ఆ కారు వారింట ఇంకా ఉంది, పండుగలకు బయటికి తీస్తారు. సొరుగులోని ఫైలులో పూచీకత్తు లేఖ వెనుక, యార్డువారిచ్చిన నాలుగు తలుపుల రసీదు కూడ చేరింది.