వెల్లంపల్లి లెక్క, కాలువ గట్టు కూలి: ఒంగోలు క్లౌ దొర జీవితంపై ఒక పరిశీలన

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘాల్లో అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పేరు ఎత్తితే 2,222 అనే అంకె వెంటే వస్తుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున బాప్తిస్మం పొందినవారి సంఖ్య అది. దాన్ని అచ్చంగా దైవకార్యమని చెప్పేవారున్నారు. కరువులో గంజి పోసి మతం పుచ్చుకునేలా చేశారని అనేవారూ ఉన్నారు. ఆధారాలను తేదీల వరసలో పెట్టి చూస్తే ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తిగా నిలవదు. గట్టిగా నిలిచేది ఆ అంకెకు ఏడాది ముందు బకింగ్‌హాం కాలువ గట్టున జరిగిన పని.

ముందు ఆధారాల సంగతి. క్లౌ జీవితానికి ప్రధాన వనరు ఆయన ఆత్మకథ. ఆయన 1910లో మరణించారు, పుస్తకం 1914లో వచ్చింది. ఆయన చెప్పినదాన్ని రెండో భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ గ్రంథస్థం చేశారు. అంటే ముప్పై ఏళ్లు దాటిన జ్ఞాపకం, పైగా మిషన్‌ను చందాలతో పోషించిన అమెరికన్ పాఠకుల ముందుకు వెళ్లిన జ్ఞాపకం. అందుచేత అందులోని సంభాషణల కంటే తేదీలకు, అంకెలకు, కథకుడికి ఏ లాభమూ చేకూర్చని వివరాలకు ఎక్కువ విలువ ఇవ్వడం మంచిది.

న్యూయార్క్ రాష్ట్రంలో 1836లో పుట్టిన క్లౌ చదువు పూర్తికాకముందే మిన్నెసోటాలో భూముల సర్వే బృందంతో పనిచేశారు. 1865లో నెల్లూరు చేరి, మరుసటి ఏడాది ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం ఏర్పడింది. అదే నెలలో తాళ్ళకొండపాడు దగ్గర 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిని పోగుచేసింది క్లౌ కాదు, ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ పెద్ద ఆయన. క్రైస్తవం వినకముందే యోగమార్గపు గురువుల దగ్గర ఉపదేశం పొందిన మనిషి. ఊరూరా ఆయనకున్న చుట్టరికాలు, పరిచయాలే ఆ కొత్త మాటకు తోవ అయ్యాయి. కరువుకు దాదాపు పదేళ్ల ముందు సంగతి ఇది. ఒంగోలు ఉద్యమం ఆకలిలోంచే పుట్టిందన్న వాదానికి ఇది పెద్ద అడ్డంకి.

చేరినవారికి సంఘం పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి చిన్నవే. కానీ రైతులకు చెప్పులు, మోట తోళ్లు అందించి, జాతరలో డప్పు కొట్టి, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయి బతికే కుటుంబానికి ఒక్కో కట్టుబాటూ ఊరితో ఒక తగవే. బావి నీళ్లు ఆగిపోవడం, పని ఆగిపోవడం జరిగాయి. లాభం కోసమే చేరారనేవారు ఈ నష్టాన్ని కూడా లెక్కలో వేయాలి.

తరువాత 1876–78 నాటి ధాత కరువు. మద్రాసు రాజధానిలో లక్షలమందిని పొట్టనబెట్టుకున్న కరువు అది. 1877 మొదట్లో భారత ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలిని మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించారు. రాళ్లు కొట్టి, మట్టి మోసే ఒంటికి అది చాలేది కాదు. పైగా పనులపై అజమాయిషీ చేసేవారి చేతుల్లో మాదిగ కూలీలు అవమానాలు పడ్డారని క్లౌ రాశారు. సర్వే తెలిసిన మనిషి కాబట్టి బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం తానే గుత్తకు తీసుకున్నారు. రాజుపాలెం దగ్గర గుడిసెలు వేయించి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వచ్చినవాడికి పని, పనికి కూలి.

ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. ఆకలిగొన్నవాణ్ని చేయి చాచనివ్వకుండా నిలబెట్టిన పని అది. అయితే ఆ గుడిసెల్లో సాయంకాలాలు, పని మధ్య విరామాల్లో బోధ జరిగిందన్నదీ నిజమే. మేస్త్రీయే బోధకుడైనప్పుడు కూలినీ బోధనూ విడదీసి చూడలేం. తిట్టకుండా, తన్నకుండా కూలి చెల్లించినవాడి మాట వినబుద్ధి కావడం మానవసహజం. దాన్ని ప్రలోభమని కొట్టిపారేయడం ఆ కూలీల వివేకాన్ని తక్కువ చేయడమే అవుతుంది.

మతమార్పిడి ఆరోపణ విషయంలో బలమైన సాక్ష్యం తేదీలదే. కరువు సహాయం నడిచిన పదిహేను నెలలూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. సహాయం ముగిశాకే వెల్లంపల్లి ఘటన జరిగింది. జూలై 2న 614, 3న 2,222, 4న 700, మూడు రోజులకూ కలిపి 3,536. ఆ ఏడాది చివరికి 9,606. తిండి ఆశే కారణమైతే సహాయం ఆగాక ఇంతమంది రావడాన్ని వివరించడం కష్టం. అలాగని కరువును పక్కన పెట్టనూ లేం. పదేళ్లుగా నెమ్మదిగా పెరిగిన సంఘం ఆరు నెలల్లో ఇంతలా ఉప్పొంగడం ఆ రెండేళ్ల అనుభవం లేకుండా ఊహించలేనిది. రేపు మళ్లీ కష్టం వస్తే ఆదుకునే మనిషి ఉన్నాడన్న నమ్మకం అందులో కొంత ఉండి ఉంటుందని నా అభిప్రాయం.

2,222 సాధ్యమేనా అన్న సందేహం కూడా వినిపిస్తుంది. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు మారుతూ, పొద్దున, మధ్యాహ్నం కలిపి సుమారు తొమ్మిది గంటలు ఏటిలో నిలబడ్డారని కథనం. లెక్క కడితే ఒక్కొక్కరికి దాదాపు అర నిమిషం వస్తుంది. వేగంగానే జరిగింది గాని అసాధ్యం కాదు. క్లౌ తాను ఆ రోజు నీళ్లలో దిగలేదు. బాప్తిస్మం ఇచ్చినవారంతా ఆయన సహచర బోధకులే. వచ్చినవారి పేర్లను ఊళ్లవారీగా ఎరిగి, మంచిచెడ్డలు విచారించింది కూడా ఆ బోధకులే.

ఒంగోలులో ఆసుపత్రికి క్లౌ పేరు ఉంది. ఆయన ఉన్న రోజుల్లో మొదలైన బడులు తరాలను చదివించాయి. ఆ గౌరవం ఆయనకు తగినదే. కానీ వెల్లంపల్లి స్మరణ జరిగే సంఘాల్లో పేరయ్య గురించీ, కాలువ గట్టున మేస్త్రీలుగా నిలిచిన బోధకుల గురించీ ఆయనతో సమానంగా చెప్పుకోవాలి. పాత సంఘాల దగ్గర పుస్తకాలు, కుటుంబాల నోటి కథలు ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ వాటిని వెంటనే నకలు తీసుకోవాలి. దొర కథ ఇంగ్లీషులో అచ్చయి భద్రంగా ఉంది. ఆ కూలీల కథ మాత్రం ఇంకా ఊళ్లలోనే వెతకాలి.