నారికురుపు: కర్నూలు, కడప సీమల్లో వ్యాధిగతి, పరిచర్య, నీటి చరిత్ర

వ్యాససంగ్రహం:
రాయలసీమ మెట్టపల్లెలను తరతరాలుగా పీడించిన నారికురుపుకు మందు లేదు, టీకా లేదు. అయినా అది నిర్మూలనమైంది. వ్యాధి శరీరంలో నడిచే తీరును, వయోదశలను బట్టి రోగికి అవసరమైన పరిచర్యను, తాగునీటి వనరులలో వచ్చిన మార్పును కలిపి పరిశీలించి, ఈ నిర్మూలన ఎలా సాధ్యమైందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాయలసీమ, నారికురుపు, దిగుడుబావి, వ్యాధిగతి, పరిచర్య.

1. ఉపోద్ఘాతం:
కర్నూలు, కడప జిల్లాల ఆరోగ్యచరిత్ర అనగానే 1876-78 నాటి ధాత కరువు, దాని వెంట వచ్చిన కలరా గుర్తుకు వస్తాయి. అవి ఊళ్లను ఖాళీ చేసిన విపత్తులు. నారికురుపు అటువంటిది కాదు. అది ప్రాణం తీయడం అరుదు. మనిషిని వారాల తరబడి మంచాన పడవేస్తుంది. మరణాల లెక్కలలో కనిపించని వ్యాధి కనుక చరిత్ర రచనలోనూ దానికి తగిన చోటు దక్కలేదు.

‘నారి’ అంటే అల్లెతాడు. పుండు నుంచి తెల్లని దారంలా వెలువడే పురుగును చూసి జనం పెట్టుకున్న పేరిది. సంస్కృత వైద్యగ్రంథాలలోని ‘స్నాయుకం’ అనే పేరు కూడా స్నాయువుతో పోలికను బట్టి ఏర్పడినదే.

2. దిగుడుబావి:
కె.సి. కాలువ కింది భూముల వంటి కొన్ని తావులను మినహాయిస్తే ఈ సీమలో సేద్యమూ తాగునీరూ వానమీదనే ఆధారపడ్డాయి. రాతినేలలో లోతున ఉన్న నీటిని అందుకోవడానికి మెట్లు కట్టిన దిగుడుబావులు ఏర్పడ్డాయి. వాటికి చేద అక్కరలేదు. మెట్లు దిగి కడవ ముంచుకోవచ్చు. నీటికొరతకు జవాబుగా పుట్టిన ఈ కట్టడమే రోగానికి నెలవైంది. ఎందుకంటే అక్కడ తాగేనీరూ మనిషి పాదమూ ఒకచోట కలుస్తాయి.

3. వ్యాధిగతి:
పురుగు పిల్లలు సైక్లాప్స్ అనే అతిచిన్న నీటిజీవిలో పెరుగుతాయని 1870 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త ఫెడ్చెంకో గుర్తించాడు. ఆ నీరు తాగినవారి కడుపులో సైక్లాప్స్ జీర్ణమవుతుంది. పురుగు పిల్లలు పేగుగోడను దాటి శరీరంలోకి చేరతాయి. సుమారు ఏడాదికి, దాదాపు మీటరు పొడవు పెరిగిన ఆడపురుగు ఎక్కువగా మోకాలి దిగువన బొబ్బగా పైకి తేలుతుంది. ఆ మంటకు తాళలేక రోగి కాలును నీటిలో పెడతాడు. బొబ్బ పగిలి లక్షల పిల్లలు నీటిలో కలుస్తాయి. రోగికి కలిగే ఊరటే ఊరికి ముప్పుగా పరిణమిస్తుంది.

1957లో ఏర్పడిన కర్నూలు వైద్యకళాశాల ఈ స్థానిక వ్యాధిని శాస్త్రలోకం ముందుంచింది. మోకాలి కీలులో నారిపురుగు కలిగించే వాపుపై రెడ్డి, శివరామప్పల వ్యాసం 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. వ్యాధివ్యాప్తిపై రెడ్డి, సహపరిశోధకుల అధ్యయనం 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది.

4. వయోదశలు, పరిచర్య:
పురుగు పైకి రావడానికి ఏడాది పడుతుంది కనుక తల్లిపాల మీద పెరిగే శిశువులో ఈ పుండు కనిపించదు. అయితే తల్లి మంచాన పడితే ఆ శిశువు పోషణ దెబ్బతింటుంది. బడిపిల్లలకు చదువు ఆగుతుంది. నడివయసువారికి దెబ్బ మరో రకమైనది. వేసవిలో బావి అడుగంటినప్పుడు సోకిన రోగం మరుసటి వేసవికి బయటపడుతుంది. అంటే ముంగారు సేద్యానికి సిద్ధం కావలసిన వేళకే కాలు కదలదు. కీలు బిగుసుకుపోయినవారికి ఆ అవిటితనం ముసలితనం దాకా వెంట ఉంటుంది. ఒకసారి సోకినందువల్ల రక్షణశక్తి రాదు కాబట్టి అదే మనిషికి ఏటా రావచ్చు.

పురుగు కొనను పుల్లకు చుట్టి, రోజుకు కొద్దికొద్దిగా లాగడమే అనాదిగా వచ్చిన చికిత్స. తొందరపడి లాగితే పురుగు తెగుతుంది. దానివల్ల తీవ్రమైన వాపు, చీము పుడతాయి. పుండు మురికిపడితే ధనుర్వాతం రావచ్చు. అందుచేత ఓపిక, శుభ్రమైన కట్టు, రోగిని బావికి దూరంగా ఉంచడం అనే మూడూ కలిస్తేనే పరిచర్య పూర్తవుతుంది. మొదటి రెండూ రోగి కోసం, మూడవది ఊరి కోసం.

5. నిర్మూలన:
భారతదేశంలో జాతీయ నిర్మూలన కార్యక్రమం 1983-84లో మొదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా వ్యాధిగ్రస్త రాష్ట్రాలలో ఒకటి. 1984లో దేశంలో దాదాపు 40,000 కేసులు నమోదయ్యాయి. ఇల్లిల్లూ తిరిగి రోగులను గుర్తించడం, పుండుకు కట్టు కట్టడం, నీటిని గుడ్డతో వడగట్టడం నేర్పడం, బావులలో టెమెఫాస్ చల్లడం, దిగుడుబావులను చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం ఏకకాలంలో సాగాయి. దేశంలో చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని వ్యాధిరహితంగా ధ్రువీకరించింది.

6. ముగింపు:
నారికురుపును జయించింది ఔషధం కాదు. పురుగు నడిచే దారిని తెలుసుకొని, నీటికీ పుండుకూ మధ్య ఉన్న లంకెను తెంచిన పరిచర్యే దానిని జయించింది. ఆ పరిచర్యలో ఆరోగ్యకార్యకర్త కట్టిన కట్టుకు ఎంత పాత్ర ఉందో, ఇంటి ఇల్లాలు కడవ మూతికి కట్టిన వడపోత గుడ్డకూ అంతే పాత్ర ఉంది. కనుక రాయలసీమ నీటిచరిత్రనూ ఆరోగ్యచరిత్రనూ వేరుచేసి చదివితే రెండూ అసంపూర్ణంగానే మిగులుతాయి.