పాత కారు ఇంజన్, గేర్‌బాక్స్‌ల ఆయుష్షు ఎంత? చట్టం లెక్క ఒకటి, లోహం లెక్క మరొకటి

ముంబయి నగర చిహ్నాల్లో ఒకటిగా పేరొందిన ప్రీమియర్ పద్మిని టాక్సీల శకం 2023 అక్టోబరులో ముగిసింది. ఆ నమూనాకు చెందిన చివరి టాక్సీ 2003 అక్టోబరు 29న తార్‌దేవ్ రవాణా కార్యాలయంలో రిజిస్టరైంది. నగరంలో టాక్సీలకు గరిష్ఠ వయోపరిమితి 20 ఏళ్ళు కావడంతో, సరిగ్గా ఆ గడువు నాటికి నలుపు-పసుపు పద్మినికి వీడ్కోలు పలకవలసి వచ్చింది. ఇంజన్ మొరాయించడం అందుకు కారణం కాదు, గడువు తీరింది.

సొంత కారుకు పదిహేనేళ్ళు దగ్గరపడుతున్న కుటుంబాలు, తక్కువ ధరలో పాత కారు కోసం వెతుకుతున్నవారు కూడా ఈ ప్రశ్నే ఎదుర్కొంటున్నారు. ఇంజన్, గేర్‌బాక్స్ ఇంకెంత కాలం పనిచేస్తాయి? మరమ్మతుకు డబ్బు పెట్టడం వివేకమేనా? వీటికి జవాబు కారు వయసులో కొంతే దొరుకుతుంది. మిగతాది ఆ కారు తిరిగిన తీరులోను, దానికి జరిగిన సంరక్షణలోను ఉంటుంది.

ఏళ్ళు కావు, తిరిగిన గంటలు

సక్రమంగా నిర్వహించిన నేటి తరం పెట్రోలు ఇంజన్ పెద్ద మరమ్మతు లేకుండా 2 నుంచి 3 లక్షల కిలోమీటర్లు తిరగడం అసాధారణమేమీ కాదు. డీజిల్ ఇంజన్ అధిక పీడనాన్ని తట్టుకొనేలా దృఢంగా తయారవుతుంది కాబట్టి అంతకు మించి పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈ అంకెలు హామీలు కావు. నిర్లక్ష్యానికి గురైన ఇంజన్ లక్ష కిలోమీటర్లకు ముందే మూలన పడవచ్చు.

గంటకు సగటున 40 కిలోమీటర్ల వేగంతో 2 లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు ఇంజన్ మొత్తం 5,000 గంటలు పనిచేసినట్లు. నిమిషానికి సగటున 2,000 చుట్ల చొప్పున లెక్కిస్తే క్రాంక్‌షాఫ్ట్ 60 కోట్ల సార్లు తిరిగి ఉంటుంది. ఇన్ని కోట్ల చుట్లలోనూ లోహానికి, లోహానికి మధ్య నిలిచేది పలుచని నూనె పొర ఒక్కటే. ఇంజన్ ఆయుష్షు ప్రధానంగా ఆ పొరపైనే ఆధారపడి ఉంటుంది.

నగర ట్రాఫిక్‌లో నిలిచి, కదిలి, మళ్ళీ నిలిచే కారు తక్కువ కిలోమీటర్లు చూపినా, దాని ఇంజన్ ఎక్కువ గంటలు పనిచేసి ఉంటుంది. జాతీయ రహదారిపై నిలకడగా సాగిన కారు కిలోమీటర్లు ఎక్కువ చూపినా అరుగుదల తక్కువగా ఉండవచ్చు. నెలల తరబడి షెడ్డులో నిలిపిన కారు కూడా క్షేమంగా ఉన్నట్లు కాదు. రబ్బరు సీళ్ళు ఎండి పగుళ్ళిస్తాయి, ఇంధనం పాతబడుతుంది, లోపల తేమ చేరుతుంది. పదేళ్ళలో ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిన కారు కనిపించగానే సంబరపడటం తగదు.

సంరక్షణ ఫలితం ఎంతవరకు వెళ్ళగలదో చెప్పడానికి అమెరికాకు చెందిన ఇర్వ్ గోర్డన్ ఉదాహరణ ప్రసిద్ధం. ఆయన 1966లో కొన్న వోల్వో పీ-1800 కారు 2013లో 30 లక్షల మైళ్ళు, అంటే సుమారు 48 లక్షల కిలోమీటర్ల మైలురాయిని దాటింది. ఒకే యజమాని నడిపిన కారుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మధ్యలో ఆ ఇంజన్‌ను విప్పి పునరుద్ధరించవలసి వచ్చింది. సకాలంలో నూనె మార్చడం, తయారీదారు సూచనలను పాటించడం మినహా మరే రహస్యమూ లేదని ఆయన చెబుతుండేవారు.

ఇంజన్‌ను హరించేవి

మొదటిది నూనె నిర్లక్ష్యం. వేడికి, గాలికి నూనె క్రమంగా గుణం కోల్పోయి మడ్డిగా మారుతుంది. మడ్డి సన్నని మార్గాలను మూసివేస్తే బేరింగులకు, క్యామ్‌షాఫ్ట్‌కు నూనె అందదు. చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది గడువు. పాత ఇంజన్లకు, ధూళి రోడ్లపై తిరిగేవాటికి అంతకంటే ముందే మార్చడం మేలు. నూనెతో పాటు ఫిల్టర్‌నూ మార్చాలి.

రెండవది వేడి. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. అటువంటి వాతావరణంలో రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీరు పోయడం తెలుగునాట సాధారణంగా కనిపించే పొరపాటు. ఆ నీటిలోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో పొరలుగా పేరుకుంటాయి. తుప్పును నివారించే రసాయనాలు లేకపోవడంతో లోహమూ తినివేతకు గురవుతుంది. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత దాటినా ప్రయాణం కొనసాగిస్తే సిలిండర్ హెడ్ వంకరపోతుంది, హెడ్ గాస్కెట్ దెబ్బతింటుంది. ఏళ్ళ తరబడి కాపాడుకున్న ఇంజన్‌ను కొన్ని నిమిషాల మొండితనం పాడుచేయగలదు.

మూడవది టైమింగ్ బెల్టు. కొన్ని ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్‌ను, క్యామ్‌షాఫ్ట్‌ను కలిపేది రబ్బరు బెల్టు. నమూనాను బట్టి సాధారణంగా 60,000 నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య దీన్ని మార్చాలి. తిరగకపోయినా ఏళ్ళు గడిస్తే బెల్టు బలహీనపడుతుంది. అది తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను ఢీకొంటాయి. బెల్టు ఖర్చుకు వెనుకాడినందుకు ఇంజన్ మొత్తం విప్పవలసి వస్తుంది. గొలుసు ఉన్న ఇంజన్లు ఎక్కువ కాలం మన్నుతాయి కానీ, మురికి నూనె గొలుసునూ వదులు చేస్తుంది.

నాటి ఇంజన్లు, నేటి ఇంజన్లు

పాత కార్లే గట్టివన్న నమ్మకం మన సమాజంలో బలంగా ఉంది. అందులో సగమే నిజం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 మే వరకు తయారైన అంబాసిడర్‌కు బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మాతృక. చాలా కాలం దానికి 1,489 సీసీ ఇంజన్ ఉండేది. ఆ తరం ఇంజన్లకు లక్ష కిలోమీటర్లలోపే రింగులు మార్చడం, సిలిండర్లను బోరింగ్ చేయించడం మామూలు విషయం. ‘ఇంజన్ బోరుకొచ్చింది’ అన్న మాట అలా జనం నోట స్థిరపడింది. చల్లని ఇంజన్‌లోకి కార్బురేటర్ అధికంగా పంపే పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనెను కడిగివేసేది. దాంతో అరుగుదల పెరిగేది. కంప్యూటర్ నియంత్రణలో ఇంధనాన్ని కొలిచి చిమ్మే నేటి పద్ధతి ఆ నష్టాన్ని బాగా తగ్గించింది.

ఆ కార్ల అసలు బలం మరమ్మతు సౌలభ్యంలో ఉంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల విప్పి, బోరింగ్ చేసి, తిరిగి బిగించే నైపుణ్యం తరతరాలుగా వృద్ధి చెందింది. మారుతి 800 కూడా ఆ కోవలోనిదే. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ కారు 2014 జనవరి వరకు తయారైంది. అందులోని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే పాకిస్థాన్‌లో 1989 నుంచి 2019 వరకు తయారైన సుజుకి మెహ్రాన్‌ను నడిపింది. విడిభాగాల లభ్యత, నేర్చిన మెకానిక్కులు ఉన్నంతవరకు సరిహద్దుకు ఇరువైపులా ఆ ఇంజన్లు పరుగు ఆపలేదు.

ఇంధనంలో వచ్చిన మార్పులూ పాత ఇంజన్లను పరీక్షించాయి. పెట్రోలులోని సీసం వాల్వు సీట్లకు రక్షణగా ఉండేది. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలు అమలులోకి రావడంతో, మెత్తని సీట్లున్న పాత ఇంజన్లలో అరుగుదల సమస్య తలెత్తింది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. పాత కార్ల రబ్బరు గొట్టాలు, సీళ్ళు, గాస్కెట్లు దానికి తట్టుకొనేలా రూపొందలేదు కాబట్టి వాటిని తరచూ పరిశీలించి మార్చుకోవాలి. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో ప్రచురించిన నివేదిక అంచనా వేసింది.

గేర్‌బాక్స్ సంగతి

మాన్యువల్ గేర్‌బాక్స్ సాధారణంగా ఇంజన్‌తో సమానంగా మన్నుతుంది. క్లచ్ ప్లేటు మాత్రం అరిగేందుకే ఉద్దేశించిన భాగం. క్లచ్‌పై కాలు ఆనించి నడపడం, ఎత్తు రోడ్డుపై బ్రేకు బదులు క్లచ్‌తోనే కారును నిలిపి ఉంచడం దాని ఆయువును తగ్గిస్తాయి. గేరు మార్చేటప్పుడు గరగర శబ్దం వస్తే క్లచ్ పూర్తిగా విడవకపోవడమో, ఇత్తడి సింక్రోనైజర్ రింగులు అరగడమో కారణం కావచ్చు. ఇంజన్ నూనె విషయంలో జాగ్రత్త పడేవారు కూడా గేర్ ఆయిల్‌ను పూర్తిగా మరచిపోతుంటారు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లలో నూనె కందెనగానే కాక, శక్తిని అందించే మాధ్యమంగా కూడా పనిచేస్తుంది. అనేక రకాల్లో కొత్తప్పుడు ఎర్రగా ఉండే ఆ ద్రవం గోధుమరంగుకు తిరిగి, మాడు వాసన వస్తుంటే లోపలి క్లచ్‌లు దెబ్బతింటున్నాయని గ్రహించాలి. జీవితకాలం మార్చనవసరం లేని ద్రవమని చెప్పే చోట, ఆ జీవితకాలం కారుదా లేక గేర్‌బాక్స్‌దా అన్న ప్రశ్న యజమాని వేసుకోవాలి. 2014లో సెలెరియోతో సామాన్యులకు చేరువైన ఏఎంటీ, మాన్యువల్ గేర్‌బాక్స్‌కు యంత్రహస్తం అమర్చిన ఏర్పాటు మాత్రమే. లోపలి గేర్లు చెక్కుచెదరకపోయినా, వాటిని కదిపే యాక్చువేటర్ పాడైతే కారు ఆగిపోతుంది. సీవీటీ, డ్యూయల్ క్లచ్ రకాల మరమ్మతు మరింత ఖరీదైనది. పాత కారు కొనేటప్పుడు ఇంజన్ కన్నా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌నే ఎక్కువగా పరీక్షించడం మంచిది.

లక్షణాలు గుర్తించడం

పొగ రంగు చాలా విషయాలు చెబుతుంది. నీలిపొగ వస్తుంటే అరిగిన రింగులు లేదా వాల్వు సీళ్ళ గుండా నూనె కాలుతోందని అర్థం. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్లపొగ వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోందని అనుమానించాలి. నల్లపొగ ఇంధనం అధికంగా చేరుతోందనడానికి సూచన. నూనె మూతకు పాలమీగడ వంటి నురగ అంటుకొని ఉంటే నూనెలో నీరు కలిసి ఉండవచ్చు.

కారు కొనదలచినవారు రాత్రంతా నిలిపిన ఇంజన్‌ను తమ ఎదుటే స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజన్ తన లోపాలను దాచుకుంటుంది. అన్ని సిలిండర్లలోనూ కంప్రెషన్ పరీక్ష చేయించి, వాటి మధ్య తేడాలున్నాయేమో చూడాలి. మీటరును వెనక్కి తిప్పే మోసాలు ఉన్నందున సర్వీసు రికార్డులతో, పెడళ్ళ అరుగుదలతో కిలోమీటర్లను సరిపోల్చుకోవాలి.

వరద నీటిలో మునిగిన కార్ల విషయంలో మరింత అప్రమత్తత అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. సిలిండర్‌లో నీరుండగా స్టార్ట్ చేస్తే, నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మునిగిన కారును స్టార్ట్ చేయకుండా లాగించుకుపోవడమే సరైన పద్ధతి. సీటు బెల్టును చివరికంటా లాగి చూస్తే, దాని మీది బురద చారలు కొన్నిసార్లు నిజం చెబుతాయి.

చట్టం లెక్క

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆపై ఫిట్‌నెస్ నిరూపించుకుంటే అయిదేళ్ళ చొప్పున పునరుద్ధరిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఈ రుసుము రూ. 600 నుంచి రూ. 5,000కు పెరిగింది. రాష్ట్రాన్ని బట్టి హరిత పన్ను అదనం. ప్రభుత్వ శాఖల వాహనాలకు 15 ఏళ్ళు దాటితే పునరుద్ధరణ లేదన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది.

దేశ రాజధాని ప్రాంతంలో నిబంధనలు వేరు. పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో సమర్థించింది. కేవలం వయసు ఆధారంగా నిషేధం సబబేనా అన్న వాదన 2025లో మళ్ళీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఉద్గార ప్రమాణాలనూ లెక్కలోకి తీసుకొనే దిశగా చర్చ సాగింది.

ఈ ఆంక్షల వెనుక ప్రజారోగ్య ప్రయోజనం ఉంది. డీజిల్ కార్ల నుంచి కిలోమీటరుకు వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి బీఎస్-4లో 0.25 గ్రాములు కాగా, 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6లో 0.08 గ్రాములు. పాత ఇంజన్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా కొత్త ప్రమాణాల స్థాయికి చేరలేదు. యజమాని చేతి సంరక్షణ కారును నిలబెడుతుంది కానీ, దాని పొగను కొత్త కారు పొగగా మార్చదు.

ఎప్పుడు వదులుకోవాలి?

లోహం అరిగినా తిరిగి నిర్మించుకోవచ్చు. చాలా కార్లకు విడిభాగాల కొరతే అసలు ముగింపు అవుతోంది. జనరల్ మోటార్స్ 2017 చివరికల్లా దేశంలో కార్ల అమ్మకాలు నిలిపివేసింది. ఫోర్డ్ 2021లో భారత్‌లో కార్ల తయారీ నుంచి తప్పుకొంటున్నట్లు ప్రకటించింది. అటువంటి సంస్థల కార్లు కొనేవారు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందే విచారించుకోవాలి. మరోవైపు శ్రీలంకలో 2020 మార్చి నుంచి వాహన దిగుమతులు నిలిచిపోయి, సొంత కార్లకు 2025 ఫిబ్రవరిలో గానీ తిరిగి అనుమతి రాలేదు. ఆ అయిదేళ్ళూ అక్కడివారు ఉన్న కార్లనే కాపాడుకున్నారు.

మరమ్మతు ఖర్చును కారు మార్కెట్ విలువతో మాత్రమే పోల్చడం సరికాదు. ఆ డబ్బుతో ఇంకెన్నేళ్ళు నమ్మకంగా తిరగవచ్చు, రిజిస్ట్రేషన్‌కు ఎన్నేళ్ళ గడువుంది, చట్రానికి తుప్పు పట్టిందా, బ్రేకులు సక్రమమేనా అన్నవి కలిపి చూడాలి. తుప్పు తిన్న చట్రంలో కొత్త ఇంజన్ బిగించడం కూలుతున్న ఇంటికి సున్నం వేయడమే. చట్రం దృఢంగా ఉండి, విడిభాగాలు దొరుకుతూ, గడువు మిగిలి ఉంటే మాత్రం పాత ఇంజన్‌కు పునర్జన్మ ఇవ్వడం దుబారా కాదు. నూనె మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు రాసిపెట్టిన చిన్న పుస్తకం ఒకటి కారులో ఉంటే, ఆ నిర్ణయం తీసుకోవలసిన రోజున యజమానికీ, కొనేవారికీ అంతకు మించిన ఆధారం మరొకటి ఉండదు.