ఇరవై నిమిషాలు

తెల్లవారుజామున అయిదున్నర. వంటింట్లో లైటు వేసేసరికే గౌరి గడప దగ్గర నిలబడి ఉంది. నోటి నుంచి చొంగ తీగలా జారుతోంది. గచ్చు మీద గోళ్ల టకటక. ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు.

గిన్నెలో మెత్తగా ఉడికిన అన్నం, చిదిమిన చికెన్. ఇంకా పొగలొస్తోంది. ముంజేతి మీద రెండు మెతుకులు పెట్టుకుంటాను, చంటిపిల్లల పాలు చూసినట్టు. ఊహూ, వేడిగానే ఉంది. ఈ వేడిలో పొడి కలిపితే అందులోని ఎంజైములు చచ్చిపోతాయి. కలిపినా కలపనట్టే.

ఫ్యాను కింద పెట్టి గరిటెతో తిప్పుతున్నాను. గౌరి కళ్లు గరిటెతో పాటే తిరుగుతున్నాయి.

పోయిన చలికాలం బెంజి సర్కిల్ ఫ్లైఓవరు కింద దొరికింది. జర్మన్ షెపర్డ్, పదిహేడు కిలోలు. విస్తరాకులు, మట్టి, ఏది దొరికితే అది తినేది. ఇంటికొచ్చాక మూడు పూటలా పెట్టినా ఎండిపోతూనే వచ్చింది. లేతరంగులో జిడ్డుగా, తిన్నదానికంటే ఎక్కువగా విరేచనం. మళ్లీ దాన్నే తినబోయేది. నులిపురుగులన్నారు, మందు వేశాం. తిండి మార్చమన్నారు, మార్చాం. చివరికి ఒక డాక్టరు పన్నెండు గంటలు పస్తు ఉంచి రక్తం తీయించారు. టీఎల్ఐ పరీక్ష. 2.5 కంటే తగ్గితే జబ్బు ఉన్నట్టు, గౌరికి 1.1. తిన్నది అరిగించే రసాలు క్లోమం ఊరించడం లేదు. ఈ జాతిలోనే ఇది ఎక్కువట. లక్షణాలు బయటపడేసరికే క్లోమం పని నూటికి తొంభై వంతులు పోయి ఉంటుందట. అంటే మా గుమ్మం ముందు, నిండు గిన్నె పక్కన, ఆ పిల్ల రెండు నెలలు ఆకలితో మాడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

అన్నం గోరువెచ్చబడింది. పంది క్లోమం నుంచి తీసిన పొడి, కొలత చెంచాడు. కాస్త నీళ్లు పోసి కలుపుతాను. నీచువాసన గుప్పుమంటుంది. ఇక ఇరవై నిమిషాలు నాననివ్వాలి. పొడి పొడిగానే తగిలితే నోరు పుళ్లు పడుతుందని డాక్టరు గట్టిగా చెప్పారు.

గౌరి సన్నగా మూలుగుతోంది.

"ఇంకా ఎంతసేపురా?" అమ్మ వచ్చింది, చేతిలో కాఫీ గ్లాసుతో.

"పదకొండు నిమిషాలమ్మా."

మొదట్లో అమ్మ దీన్ని సహించలేదు. "ఆకలిగొన్న నోటి ముందు గిన్నె పెట్టుకుని గడియారం చూస్తావా? నోరులేని జీవం ఉసురు తగులుతుందిరా" అని నా మీద కేకలేసింది. నాకు తెలియకుండా పాలల్లో బిస్కెట్లు నానేసి పెట్టింది. ఆ రాత్రి గౌరి నాలుగుసార్లు బయటికి పరిగెత్తింది. నాలుగోసారి గొలుసు పట్టుకుని వీధిలో నిలబడింది అమ్మే.

ఇప్పుడు గ్లాసు పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుంటూ నేల మీద కూర్చుంది. గౌరి మెడ మీద చెయ్యి వేసింది. "అయిపోవచ్చిందమ్మా, ఇదిగో, అయిపోవచ్చింది." కాఫీ చల్లారిపోతోంది.

గిన్నె కింద పెట్టాను. నిమిషంలో ఖాళీ.

వీధిలో ఇంకా చీకటే. చెత్తకుప్ప దగ్గర గౌరి ఆగి, వాసన చూసి, తనంతట తనే కదిలింది. గొలుసు లాగలేదు. వేపచెట్టు కింద నడుం వంచింది. సెల్‌ఫోను లైటు వేసి వంగి చూస్తాను. గట్టిగా, మట్టిరంగులో ఉంది.

గేటు దగ్గర్నుంచి అమ్మ గొంతు: "ఎలా పోయిందిరా?"

"బాగా పోయిందమ్మా!"

అమ్మ కాఫీ వెచ్చబెట్టుకోవడానికి లోపలికి వెళ్లింది.