పాత క్రైమ్ సినిమాల వీసీడీలు ఎందుకు వెతుకుతారంటే

జపాన్‌లో సీజున్ సుజుకి 1967లో తీసిన ‘బ్రాండెడ్ టు కిల్’ అర్థం కాలేదని నిక్కట్సు కంపెనీ మరుసటి ఏడాది ఆయన్నే తీసేసింది. ఇప్పుడు కలెక్టర్లకు అదే సినిమా ముద్దు. మనకూ కె.ఎస్.ఆర్. దాస్ ఉన్నారు. విజయలలిత పగ తీర్చుకునే ‘రౌడీరాణి’ (1970), కృష్ణ ‘జేమ్స్‌బాండ్ 777’ (1971) ఆయనవే. రౌడీరాణి 1972లో ‘రాణీ మేరా నామ్’గా హిందీలోనూ వచ్చింది.

వీసీడీ బొమ్మ 352×288 పిక్సెల్సే, మసక మసకగా ఉంటుంది. అయినా వెతుకుతారు, మంచి ప్రింట్ దొరకని సినిమాకు అదే దిక్కు. సినిమాకు మామూలుగా రెండు డిస్కులు. రెండోది పోతే క్లైమాక్స్ పోయినట్టే!

ఆదోని, ఎమ్మిగనూరులో అటకలు దులిపేవాళ్లు పారేసే ముందు చూడండి. లేబుల్ వైపు గీత పడి పూత లేస్తే ఆ సీను మళ్లీ రాదు. ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి.